శూన్యం గారి చెల్లెలు

గుడివాడ,
9 ఆగస్టు 1998

బావా వెంకటపతీ,

కోడూరులో వానలెలా ఉన్నాయి, చేపలెలా పడుతున్నాయి అని అడగను. అడిగితే ఉత్తరమంతా అదే రాస్తావు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్న సంగతి నీకు తెలుసు. ఇన్నేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పిన నోరు ఊరుకోక ఒక నాటకం రాయించింది. ఫిబ్రవరిలో మా పరిషత్తు పోటీలున్నాయి. అందులో నువ్వు వేషం వెయ్యాలి.

ఈసారి రాముడు లేడు, దుర్యోధనుడు లేడు, తాగుబోతు మొగుడు ఆఖరి రంగంలో మారిపోవడం కూడా లేదు. ఇది గ్రీకుల సృష్టి కథ. వాళ్ల ప్రకారం మొట్టమొదట కేయాస్ ఉంది. కేయాస్ అంటే శూన్యం, నోరు తెరుచుకున్న పెద్ద ఖాళీ. అందులోంచి ఇద్దరు పుట్టారు. ఒకడు ఎరెబస్, అంటే చీకటి. ఒకతె నిక్స్, అంటే రాత్రి. వాళ్లిద్దరూ ఒకటై పగటిని కన్నారు. అంతే కథ. అప్పటికింకా సూర్యుడు లేడు, దీపం లేదు కాబట్టి నాటకమంతా కటిక చీకట్లోనే నడుస్తుంది. చివర్లో పగలు పుట్టగానే లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి.

నీది చీకటి వేషం. అవనిగడ్డ హాస్టల్లో నువ్వు పద్యం ఎత్తుకుంటే వంటవాడు గరిటె పడేసి వచ్చేవాడు. అలాంటి గొంతు ఉండి కూడా నీకు ఒక్క మంచి వేషం రాలేదంటే దానికి కారణం నీ పొట్ట. ఈ నాటకంలో నువ్వు ఎవరికీ కనపడవు. దేవుడు నీ కోసమే గ్రీకు దేశంలో ఈ పాత్రను పుట్టించాడని నా నమ్మకం.

చెల్లెమ్మ సత్యవతికి నా ఆశీస్సులు చెప్పు.

నీ
పిచ్చేశ్వరరావు


కోడూరు,
20 ఆగస్టు 1998

పిచ్చేశ్వరం బావకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా పొట్ట గురించి రాసింది మూడోసారి కూడా చదివాను.

నాకు వెయ్యాలనే ఉంది. పొద్దున పాలకాయతిప్ప రేవులో చేపల వేలంపాట, మధ్యాహ్నం ఐసు కొట్టి పెట్టెలు నింపి లారీకెక్కించడం, సాయంత్రానికి నాలో మనిషన్నవాడు మిగలడు. పద్యం పాడి ఎన్నాళ్లయిందో. కానీ నాకు రెండు సందేహాలున్నాయి.

ఒకటి, చీకటికీ రాత్రికీ తేడా ఏమిటి? రెండూ ఒకటే కదా. వేషం వేసేవాడికి తాను ఎవరో తెలియాలి.

రెండోది పెద్దది. ఇద్దరూ ఆ శూన్యంలోంచే పుట్టారన్నావు. అంటే అన్నాచెల్లెళ్లు. మళ్లీ వాళ్లే ఒకటయ్యారంటావు. బావా, నేను కులపెద్దల్లో ఒకణ్ణి. ఊళ్లో తగువులు తీరుస్తుంటాను. గుడివాడ వెళ్లి చెల్లెల్ని పెళ్లాడే వేషం వేసొచ్చానంటే రేపు నా మాట ఎవరు వింటారు? గ్రీకు దేశంలో పెద్దలు లేరా, అడిగేవాళ్లు లేరా?

సత్యవతికి నీ ఆశీస్సులు చెప్పమన్నావు. గోడ మీద క్యాలెండరు పక్కన నీ ఉత్తరం పెట్టాను. చూసే ఉంటుంది.

నీ
వెంకటపతి


గుడివాడ,
6 సెప్టెంబరు 1998

బావా,

మొదటి సందేహానికి జవాబు సులువు. రాత్రి వస్తుంది, పోతుంది. చీకటి ఎక్కడికీ పోదు. పట్టపగలు కూడా ధాన్యం గాదె అడుగున కూర్చుని ఉంటుంది. కాబట్టి నువ్వు కదలకుండా నిలబడాలి. ఆవిడే వచ్చిపోతూ ఉంటుంది.

రెండో సందేహం మా కమిటీలో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. మా అధ్యక్షుడు కొండలరావు గారికి రైసు మిల్లుంది, మొన్ననే కొత్త జనరేటరు కొన్నారు. ఆఖర్న పగలు పుట్టేది ఆ జనరేటరు మీదే కాబట్టి ఆయన మాట కాదనడానికి లేదు.

"అన్నాచెల్లెళ్లేమిటండీ, ఆడవాళ్లు కూడా వస్తారు. బావామరదళ్లని చేసెయ్యండి" అన్నారు.

"కుదరదండీ. ఇద్దరూ శూన్యంలోంచే పుట్టారు" అన్నాను.

"రాత్రి శూన్యం గారి కూతురు. ఒప్పుకున్నాను. చీకటి శూన్యం గారి మేనల్లుడు."

"మేనల్లుడు ఉండాలంటే శూన్యానికి ఒక చెల్లెలుండాలి కదండీ?"

"ఉంది. రాయండి."

"సృష్టికి ముందు ఏమీ లేదండీ. అందుకే దాన్ని శూన్యం అన్నారు."

"ఏమీ లేనప్పుడు చెల్లెలు లేదని మాత్రం మీకెలా తెలుసు? ఎవరు చూడొచ్చారు?"

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇలాంటి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు. రాశాను. ఇప్పుడు రాత్రి నీకు స్వయానా మేనమామ కూతురు. మొదటి రంగంలో శూన్యం గారి చెల్లెలు పసుపు కుంకాలతో వచ్చి "అన్నయ్యా, నీ పిల్లని నా పిల్లాడికి చేసుకుంటాను" అని అడుగుతుంది. గ్రీకు కథలో ఈథర్ అని ఒక కొడుకు కూడా ఉన్నాడు. ఒక్క జనరేటరుకి ఇద్దరు పిల్లలెందుకని కొండలరావు గారు వాణ్ణి తీసేశారు.

రాత్రి వేషానికి బందరు నుంచి అమ్మాజీ గారు వస్తున్నారు. పేరున్న నటి. స్క్రిప్టు దీనితో పంపుతున్నాను. నోటికి పట్టించు.

పిచ్చేశ్వరరావు


కోడూరు,
19 సెప్టెంబరు 1998

బావా,

స్క్రిప్టు అందింది. ఆ మేనరికం సంగతి తీసెయ్. అన్నాచెల్లెళ్లుగానే ఉండనీ. ఊళ్లో నేనేదో చెప్పుకుంటాను. మా ఇంట్లో ఆ మాట మాత్రం వినపడకూడదు.

నోటికి రావడం లేదు. అవతల రాత్రి మాట అందించడానికి మనిషి లేదు. సత్యవతి ఉంది కదా అంటావు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. సత్యవతి నాతో మాట్లాడదు. మా అమ్మాయి రేవతి పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. తిట్టదు, ఏడవదు, వేళకి వండి మూత పెడుతుంది. నేను రేవు నుంచి వచ్చేసరికి ఎండుచేపల గంపతో అవనిగడ్డ సంతకి వెళ్లిపోతుంది. తను వచ్చేసరికి నేను ఉండను. ఏదైనా చెప్పాల్సొస్తే పక్కింటి వీరదుర్గతో గట్టిగా అంటుంది. వీరదుర్గ ఇంట్లో లేకపోయినా అంటుంది.

వెంకటపతి


గుడివాడ,
30 సెప్టెంబరు 1998

బావా,

నేను రేవతి పెళ్లికొచ్చి రెండు రోజులున్నాను. నాకేం తెలియలేదు. పెళ్లిలో ఏం జరిగింది?

నీ ఉత్తరం చదివాక గ్రీకుల పుస్తకం మళ్లీ తీశాను. రాత్రికీ పగటికీ ఒకటే ఇల్లట. ఒకరు లోపలికొస్తుంటే ఒకరు బయటికి వెళ్తారట. ఇద్దరూ ఎప్పుడూ ఇంట్లో కలిసి ఉండరట. గడప దగ్గర ఎదురుపడి పలకరించుకుంటారట. వాళ్లు పలకరించుకుంటారన్నది గమనించు.

మేనరికం తియ్యడానికి కొండలరావు గారు ఒప్పుకోలేదు. శూన్యం గారి చెల్లెలి వేషం వాళ్ల వదినగారికి ఇచ్చేశారు.

పిచ్చేశ్వరరావు


కోడూరు,
14 నవంబరు 1998

బావా,

పెళ్లి సంగతి అడిగావు. దాని గురించి రాయను. వేరే సంగతి రాస్తాను.

మొన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని గట్టిగా చదువుతున్నాను. "రాత్రీ, నీ కొంగున ఏం మూటగట్టావు?" అన్న దగ్గర ఆగిపోయాను. అవతలి మాట ఎంతకీ గుర్తురావడం లేదు. నాలుగోసారి అడిగాను. వంటింట్లోంచి వినపడింది: "నిద్ర ఉంది. కల ఉంది. చావు ఉంది. నీకేం కావాలి?"

ఆ రోజు సంత లేదు, అందుకని ఇంట్లో ఉంది. నేను రోజూ చదువుతుంటే విని విని నాటకం మొత్తం ఆవిడకి వచ్చేసింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందని భయం. తరవాతి మాట అన్నాను. జవాబొచ్చింది. అలా రంగం చివరిదాకా వెళ్లాం. బావా, నాటకం ప్రకారమే అనుకో, మా పెళ్లయ్యాక మొదటిసారి నన్ను "నువ్వు" అంది.

ఇప్పుడు నేను లారీ తొందరగా పంపించేసి వస్తున్నాను. ఆవిడ సంత నుంచి పెందలాడే వస్తోంది. ఆవిడ వంటింట్లో, నేను వరండాలో. మధ్యలో గోడ. నాలుగు రోజుల కింద రెండో రంగంలో హఠాత్తుగా "చీకటీ, ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది" అంది. నీ స్క్రిప్టులో వెతికాను, ఎక్కడా లేదు. నేను ఎరెబస్ గొంతుతోనే "రాత్రీ, రేపు అవనిగడ్డ నుంచి పట్టుకొస్తాను" అన్నాను. "డబ్బా మూత సరిగ్గా బిగించుకు రా" అంది. తరవాత మళ్లీ సృష్టి గురించి మాట్లాడుకున్నాం.

అప్పట్నుంచీ ఇంటి సంగతులన్నీ ఇలాగే. పెంకులు జారిపోయిన సంగతి, గేదె చూడికట్టిన సంగతి అన్నీ చీకటికే చెబుతోంది. నాటకం చాలించి "సత్యవతీ" అని పిలిస్తే మాత్రం పలకదు.

వీరదుర్గ గోడ అవతల నుంచి అంతా విని మాకు గాలి సోకిందనుకుంది. నిమ్మకాయలు, వేపాకు తెచ్చింది. నిమ్మకాయలు ఉంచుకున్నాం.

ఒక్క రంగం మాత్రం ఆవిడ అనదు. శూన్యం గారి చెల్లెలు పిల్లని అడిగే రంగం. అక్కడికొచ్చేసరికి వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడవుతాయి.

వెంకటపతి


గుడివాడ,
12 జనవరి 1999

బావా,

కొంప మునిగింది. అమ్మాజీ గారు వచ్చారు, కొత్త పట్టుచీర, సవరం, చిలకలపూడి రోల్డుగోల్డు నగలతో సహా. అంతా బాగానే ఉంది, ఆఖర్న అడిగారు.

"నేను ఎప్పుడు కనపడతానండీ?"

"కనపడరమ్మా."

"చివర్లో లైట్లొస్తాయి కదండీ?"

"అప్పటికి మీరు వెళ్లిపోతారు. పగలొచ్చాక రాత్రి ఉండకూడదు కదమ్మా."

"పోనీ కరపత్రంలో నా ఫొటో వేస్తారా?"

కొండలరావు గారు నాకు అడ్డంపడి, "వేస్తామండీ, నల్లగా వేస్తాం" అన్నారు. ఆవిడ తరవాతి బస్సుకే బందరు వెళ్లిపోయారు.

ఇంత తక్కువ వ్యవధిలో రాత్రి పాత్ర నోటికొచ్చిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. చెల్లెమ్మకి విడిగా ఒక ఉత్తరం ఈ కవర్లోనే పెట్టాను. నువ్వేం చెప్పకు. క్యాలెండరు పక్కన పెట్టు.

పిచ్చేశ్వరరావు


కోడూరు,
20 జనవరి 1999

పిచ్చేశ్వరరావు అన్నయ్యగారికి సత్యవతి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివాను. నేను చదివింది ఏడో తరగతి, తప్పులుంటే దిద్దుకోండి. వేషం అంటే నాకు సిగ్గు. కానీ ఎవరికీ కనపడనని రాశారు కాబట్టి వస్తాను. కొన్ని సంగతులు ముందే చెబుతున్నాను.

నేను రంగు పూసుకోను. ఉన్న చీరతోనే వస్తాను. ఆయన ఒక కొసన నిలబడాలి, నేను ఒక కొసన నిలబడతాను. పిల్లనడిగే రంగంలో నేను ఉండను, ఆ రంగం అయ్యాక వస్తాను. నాటకంలో మాట్లాడానని తరవాత కూడా మాట్లాడాలని ఎవరూ మధ్యవర్తిత్వం చెయ్యకూడదు.

బందరులో మా రేవతికి రమ్మని కబురు చేశాను. అది మనవణ్ణి తీసుకుని వస్తుంది. ఆడవాళ్ల వైపు ముందు వరసలో చోటు ఉంచండి.

ఇట్లు
సత్యవతి


గుడివాడ,
23 ఫిబ్రవరి 1999

బావా,

నాటకం అవగానే మిమ్మల్ని వెతికాను. గుడివాడ మార్కెట్లో సరుకు దించిన మీ చేపల లారీలోనే వెళ్లిపోయారన్నారు. స్టేజీ వెనక ఏం జరిగిందో మీకు తెలియదు, చెబుతాను.

అంతా చక్కగా నడిచింది. సాయంత్రం హాలు తలుపులన్నీ మూసేసరికి కన్ను పొడుచుకున్నా కనపడలేదు. నీ గొంతు లేచేసరికి న్యాయనిర్ణేతలు కూడా దగ్గడం మానేశారు. చెల్లెమ్మ "నాకు నొప్పులొస్తున్నాయి, పగలు పుడుతోంది" అన్నప్పుడు లైట్లు రావాలి. కొండలరావు గారు జనరేటరు తాడు లాగారు. అది దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగారు. పక్కనే నేను ఉన్నాను. స్టేజీ మీద మీ ఇద్దరికీ మాటలైపోయాయి. అప్పుడు చెల్లెమ్మ మొదలుపెట్టింది.

"చీకటీ, వెలుగింకా రాలేదు."

"వస్తుంది" అన్నావు నువ్వు.

"ఎవరు చెప్పారు?"

"పిచ్చేశ్వరం చెప్పాడు."

హాలంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఎవరేం చెప్పినా వింటావు. నేను చెప్పిందే వినవు. మా అన్న కొడుకు నాగేంద్ర ఉండగా నా పిల్లని తీసుకెళ్లి పరాయింట్లో ఇచ్చావు. ఎందుకిచ్చావు?"

కొండలరావు గారు తాడు పట్టుకునే నా చెవిలో, "శూన్యం గారికి కొడుకూ, ఆ కొడుక్కో కొడుకూ కూడా ఉన్నారా? ఎప్పుడు రాశారు? నాకు చెప్పొద్దా?" అన్నారు.

"ఇచ్చాను, అంతే" అన్నావు నువ్వు.

"అంతే అంటే ఒప్పుకోను. చెప్పు."

నువ్వు చెప్పలేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి లేచింది మాట.

"నాన్న తప్పు లేదమ్మా. నేనే వద్దన్నాను. నాగేంద్ర బావని చిన్నప్పట్నుంచీ అన్నయ్యలాగే చూశాను. నీకు చెప్పొద్దని నాన్న చేత నేనే ఒట్టు వేయించుకున్నాను."

సరిగ్గా ఆ క్షణాన జనరేటరు అందుకుంది. వెలుగంతా రేవతి మీద పడింది, చంకలో పిల్లాడు, కళ్లనిండా నీళ్లు. స్టేజీకి ఆ కొసన నువ్వు, ఈ కొసన చెల్లెమ్మ. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

న్యాయనిర్ణేతలు ఏమన్నారంటే, పగలు పాత్రధారిణిని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టడం తెలుగు నాటకంలో కొత్త ప్రయోగమట. ద్వితీయ బహుమతి ఇచ్చారు. ఆహార్యానికి మార్కులు వెయ్యలేకపోయామని, ఏమీ కనపడలేదని రాశారు. కొండలరావు గారు ఆ చప్పట్లు జనరేటరుకే అనుకుంటున్నారు.

ఇంటికెళ్లాక ఏమైంది? ఒక్క ముక్క రాయి.

పిచ్చేశ్వరరావు


కోడూరు,
3 మార్చి 1999

బావా,

ఏమీ కాలేదు. అదే బాధ.

లారీలో డ్రైవరు పక్కన ఆవిడ, వెనక ఖాళీ పెట్టెల మీద నేను. ఇంటికొచ్చాక ఒక్క మాట లేదు. మర్నాడు వరండాలో కూర్చుని "రాత్రీ" అని పిలిచాను. రాత్రి కూడా పలకలేదు. ఉన్నదీ పోయింది.

రేవతి అన్నది నిజమే. నాగేంద్రతో ముహూర్తాలు పెట్టబోయే ముందు రేవులోకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అన్న కొడుకంటే వాళ్లమ్మకి ప్రాణం, ఈ మాట వింటే తట్టుకోదంది. ఒట్టు వేశాను. చెడ్డవాణ్ణి నేనైతే ఏం పోయింది, మొగుణ్ణి తిట్టుకుంటుంది, కూతుర్ని తిట్టుకోదు కదా అనుకున్నాను. ఇప్పుడు నిజం తెలిసింది. నా మీద కోపం పోవాలి కదా. ఇంకా ఎందుకు కోపం? నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు.

వెంకటపతి


కోడూరు,
22 మార్చి 1999

అన్నయ్యగారికి సత్యవతి రాయునది.

ఆయన మీకు రాసిన ఉత్తరానికి మీరేం జవాబు రాయాలా అని ఆలోచిస్తుంటారు. కష్టపడొద్దు. నేను రాస్తున్నాను.

మా పిల్లకి నాగేంద్ర ఇష్టం లేదని నాకు అప్పుడే తెలుసు. వాడి పేరెత్తితే అన్నం సగంలో లేచిపోయేది. కన్నదాన్ని, ఆమాత్రం తెలియదా? మా అన్నకి నేనే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. కానీ తండ్రీ కూతుళ్లు నన్ను తప్పించి గుసగుసలాడుకున్నారు. ఆయనంతట ఆయన వచ్చి ఇదీ సంగతి అంటారని చూశాను. పెళ్లయిపోయింది, పిల్లాడు పుట్టాడు, ఆయన నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆఖరికి అంతమందిలో చీకట్లో అడిగినా చెప్పలేదు, పిల్లే చెప్పింది. పిల్ల చెబితే నాకేం కొత్త? నాకు కావలసింది ఆయన నోటి మాట. అందుకని ఆ నాటకం మాటలు కూడా మానేశాను.

మొన్న ఆదివారం ఎండబెట్టే చేపలు కొనడానికి రేవుకి వెళ్లాను. ఆయన పండుగప్ప చేపల గంప మీద వేలంపాట పాడుతున్నారు. నన్ను చూసి పాట ఆపేశారు. ఎండ నెత్తిన మాడుస్తోంది, చుట్టూ జనం. "సత్యవతీ" అని పిలిచారు. నేను ఆగాను.

"నీకు చెప్పాల్సింది చెప్పలేదు. నువ్వు బాధపడతావని అనుకున్నాను. అది కూడా నిజం కాదు. నువ్వు అరుస్తావని భయపడ్డాను" అన్నారు.

అంత పెద్ద మనిషి, ఊళ్లో తగువులు తీర్చే మనిషి, అందరి ముందూ ఆ మాటన్నారు. నాకు నవ్వొచ్చింది. తరవాత అరిచాను. అన్నేళ్లవీ కలిపి అరిచాను. కొనేవాళ్లు చేపలు పాడైపోతున్నాయని గోలపెట్టారు. ఆయన వాళ్లని ఊరుకోమని, చేతులు కట్టుకుని విన్నారు.

మేము క్షేమం. వచ్చే నెల మా అన్నయ్యని, నాగేంద్రని భోజనానికి పిలిచాము. వాడికి మంచి సంబంధం ఉంటే చూడండి.

ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన నా వెనక నిలబడి చదువుతున్నారు. "అరిచాను" అన్న చోటల్లా కొట్టేసి "అన్నాను" అని మార్చమంటున్నారు. నేను మార్చను.

ఇట్లు
మీ చెల్లెలు
సత్యవతి